శీర్షికలోఁ గర్త యెవఁడు?



పల్లెలలో వార్తాపత్రిక నొకరు చదువఁగా నలుగురు వినుట వాడుక. చదువువారికిఁ దీఱిక లేనినాఁడు పెద్ద యక్షరములు మాత్రము చదివి పత్రికను మడిచిపెట్టుదురు. ఆ పెద్ద యక్షరములనే శీర్షిక యందుము. అందు నాలుగైదు మాటలకంటె నెక్కువ యుండవు. కాని యా నాలుగైదు మాటలే ఊరివారి మనస్సులలోఁ దీర్పుగా నిలిచిపోవును. కావున వాని కూర్పును వ్యాకరణదృష్టితో నొకమాఱు పరిశీలింపఁ దలఁచితిని.

"లారీ ఢీకొని సైక్లిస్టు మృతి." ఇట్టి శీర్షికను మీరు పలుమాఱులు చూచియే యుందురు. ఇందుఁ గర్త యెవఁడు? స్వతంత్రముగాఁ బని నడపువాఁడు కర్త యని మన శాస్త్రము. వానిచేతి పనిముట్టు కరణము. వడ్రంగి గొడ్డలితోఁ గొమ్మను నఱకినపుడు వడ్రంగి కర్త, గొడ్డలి కరణము. "ఈ గొడ్డలి చక్కఁగా నఱకును" అని లోకమున ననుట కలదు. అది గొడ్డలి పదును మెచ్చుకొనుటకుఁ జెప్పిన మాటయే కాని వడ్రంగి లేఁడని చెప్పుటకుఁ గాదు. పై శీర్షికలోనో, లారీ తనంతటఁ దానే కదలి, తానే త్రోవ చూచుకొని, తానే వచ్చి తాఁకినట్లున్నది. స్టీరింగు పట్టినవాఁడు మాయమయ్యెను.

ఇఁక "ఢీకొని" యను మాట. ఇది క్త్వార్థకము. క్త్వార్థకమునకును దాని తరువాతి క్రియకును గర్త యొక్కఁడే కావలెనని పాణిని నియమము. ఆ నియమము ననుసరించి చదివితిమేని ఢీకొన్నవాఁడును మృతిచెందినవాఁడును ఒక్కఁడే యగును. అనఁగా సైకిలువాఁడే పోయి లారీని ఢీకొని చనిపోయినట్లు! "వాన కురిసి పైరు పండెను" అని తెనుఁగున వేఱు కర్తలతోఁ జెప్పుట వాడుకలో నున్నదని నే నెఱుఁగుదును, దానిని దప్పనను. కాని వానకు బాధ్యత లేదు, బండి నడుపువానికిఁ గలదు. వానను గూర్చి చెప్పు వాక్యపు మూసలో మనుష్యుఁడు చేసిన పనిని బోసినచో నదియును దైవికముగానే కనఁబడును. చివర నున్న "మృతి" క్రియయే కాదు, నామవాచకము. అందుఁ గాలము లేదు, పురుష లేదు, మృతికిఁ గారణమైనవాఁడు లేఁడు.

చనిపోయినవాని సంగతి చూడుఁడు. ఆతఁడు పాలకేంద్రమునకుఁ బాలు గొనిపోవు రైతు కావచ్చును, బడికిఁ బోవు బాలుఁడు కావచ్చును, రాత్రి కాపలా ముగించి యింటికి మఱలు వృద్ధుఁడు కావచ్చును. శీర్షికలో నాతఁడు సైక్లిస్టు. నడచిపోవువాఁడు పాదచారి. ఏదియుఁ దోఁపనిచో "వ్యక్తి". ఎక్కిన వాహనమే యాతనికిఁ గులమైనది. లారీ నడుపువానిని లారీస్టని యెవ్వరు ననరు! ఆతనికి లారీ వెనుక దాఁగుటకుఁ జోటు దొరకినది; ఈతనికి సైకిలు తప్ప వేఱు గుర్తింపు దొరకలేదు.

ఇంతకంటెను నాకు విచారము కలిగించునది "ప్రమాదము" అను మాటకుఁ బట్టిన గతి. సంస్కృతమునఁ బ్రమాదమనఁగా నేమఱుపాటు. అమరకోశము దానికి ననవధానత యని యర్థము చెప్పినది. తైత్తిరీయోపనిషత్తునందు విద్య ముగించిన శిష్యునితో స్వాధ్యాయమున నేమఱవలదని గురువు చెప్పుచోట నున్నదియు నీ ధాతువే. కాఁబట్టి రోడ్డు ప్రమాదమను మాటలోనే యెవరో యొకరు ఏమఱిరని యున్నది. ఏమఱినది బండి నడుపువాఁడా, నడచువాఁడా, గోతులు పూడ్పింపని యధికారియా, వెనుక దీపము లేని ట్రాక్టరును త్రోవలో నిలిపినవాఁడా యన్న ప్రశ్న యా మాటతోఁ గూడఁ బుట్టవలసినది. నేఁడది పిడుగుపాటువలెఁ బైనుండి వచ్చిపడిన యాపదకుఁ బేరైనది. ఇంగ్లీషువారి ఆక్సిడెంటు అను మాటకు యాదృచ్ఛికమని యర్థము. దానికి సమానముగా మన మాటను నిలిపి, పదునైన మాటను మనమే మొద్దు చేసికొంటిమి. ఆ ఇంగ్లీషు మాటను వారిలోనే కొందఱు విడిచిరి. గాయములలోఁ బెక్కింటిని ముందుగా నూహించి నివారింపవచ్చునను కారణముచే బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను వైద్యపత్రిక 2001లోఁ దన పుటలలో దానిని నిషేధించెను. నిర్లక్ష్యము జరిగినదని యారోపణ గాని రుజువు గాని యున్నచోట దానిని వాడవలదని అసోసియేటెడ్ ప్రెస్ అను వార్తాసంస్థ 2016లో సూచించెను.

మాటలు తమంతట మొద్దువాఱుట యొకటి, పనిగట్టుకొని వానిని మార్చుట యొకటి. రెండవదానికి అమెరికా దేశపుఁ గథ చెప్పెదను. పల్లెవారికిఁ దెలియవలసిన కథ. అచట 1920 దశాబ్దమున మోటారులు పట్టణ వీథులలో విరివియై, పిల్లలను పెద్దలను బలిగొనఁగాఁ బ్రజలు మండిపడిరి. సిన్సినాటి నగరమున 1923లో, ఏ మోటారును గంటకు 25 మైళ్లకు మించి పోకుండ నందొక యంత్రమును బిగింపవలెనని 42,000 మందికిఁ బైగా సంతకములు చేసిరి. మోటారు వర్తకులు గట్టిగా నెదిరింపఁగా నా ప్రతిపాదము వోట్లలో నోడిపోయెను. అటుపిమ్మట వారు "జేవాకర్" అను మాటను విరివిగాఁ బ్రచారములోనికిఁ దెచ్చిరి. "జే" యనఁగాఁ బట్టణపు నడవడి యెఱుఁగని పల్లెటూరి మొద్దు. అంతవఱకు వీథిలో నడచువాఁడు వీథికి హక్కుదారు. ఆ మాటతో నాతఁడు నవ్వులపాలయ్యెను. ఇదియుఁ గాక, కార్ల తయారీదారుల సంఘము పత్రికలకు వార్తలు ఉచితముగా వ్రాసియిచ్చు నేర్పాటు చేసెను. విలేకరి కొలఁది వివరములు పంపును. సంఘమువారు నిండు వార్తను వ్రాసి త్రిప్పి పంపుదురు. ఆ వార్తలలోఁ దప్పు నడచువారివైపు మొగ్గుచుండెను. పీటర్ నార్టన్ అను చరిత్రకారుఁడు 2008లోఁ బ్రకటించిన గ్రంథమున నీ వృత్తాంతమును విపులముగాఁ జెప్పెను.

మాటల కూర్పు మాత్రమున నింత జరుగునా యని మీరడుగవచ్చును. 2019లో అమెరికాలోఁ గొందఱు పండితులు ఒకే సంఘటనను మూఁడు తెఱఁగుల వ్రాసి 999 మందిచేఁ జదివించిరి. నడచువానిని ముందుంచి వ్రాసినదానిని జదివినవారికంటె, బండి నడుపువానిని ముందుంచి వ్రాసినదానిని జదివినవారు నడచువానిపైఁ దక్కువ తప్పు మోపిరి. అదే యేఁట ఆస్ట్రేలియాలో, సైకిలు త్రొక్కువారు పూర్తిగా మనుష్యులుగాఁ దోఁతురా యని కొలమానము చూపి యడుగఁగా, సైకిలు త్రొక్కనివారిలో సగముకంటె నెక్కువమంది వారిని సంపూర్ణ మానవులుగా నెన్నలేదు.

డ్రైవరులందఱు దోషులని నా యభిప్రాయము గాదు. విచారణకు ముందు దోషి యనుట యధర్మము. కాని "డ్రైవరు నడుపుచున్న లారీ తగిలి, పాలు గొనిపోవు రైతు మరణము" అని వ్రాయుట నేరము మోపుట గాదు, ఉన్నవానిని ఉన్నాఁడనుట. వాహనమును మాత్రమే చెప్పక నడుపువానిని గూడఁ జెప్పుఁడని బ్రిటనులో 2021లో వెలువడిన నియమావళి విలేకరులకుఁ జెప్పుచున్నదియు నింతియే. రెండు మూఁడు మాటలు పెరుగును. 2022వ సంవత్సరమున మన దేశపు రోడ్లపై మరణించినవారు 1,68,491 మంది యని కేంద్రప్రభుత్వపు లెక్క. వారి కా రెండు మూఁడు మాటల చోటు పత్రికలో దొరకదా?

ఈ సంగతిని ఊరిపెద్దలకు విన్నవించుటకుఁ గారణము కలదు. మీ పొలిమేరలో నిట్టి యాపద జరిగినపుడు మండల విలేకరి తఱచుగా మీకే ఫోను చేయును. మీ నోట వచ్చిన మాటయే మఱునాఁటి శీర్షిక. "చీఁకటిలోఁ బోయినాఁడు, సైకిలుకు దీపము లేదు" అని మనము తొందరలో నందుము. అది నిజమే కావచ్చును. ఆ లారీ యెంత వడిగా వచ్చెను, మలుపు నెట్లు తిరిగెను, సైకిలు అంచున నుండెనా నడుమ నుండెనా, పోయినవాఁ డేమి పని చేయువాఁడు, ఏ పనికిఁ బోవుచుండెను — ఇవియుఁ జెప్పవలెను. తెలియనిది తెలియదనవలెను.

"గుర్తు తెలియని వాహనము" అని వ్రాసినచోట నింటివా రాశ విడిచి యూరకుందురు. బండి తెలియకున్నను, 2022 ఏప్రిల్ 1 నుండి యమలులోనికి వచ్చిన పథకము ననుసరించి మరణమునకు రెండు లక్షల రూపాయలు, తీవ్రగాయమునకు ఏఁబదివేలు పరిహారము కలదు. దానికై రెవెన్యూ యధికారికి దరఖాస్తు పెట్టుకొనవలెను.