ఎత్తయిన కొండకు ప్రయాణం: ముందుగా వేసుకోవలసిన లెక్కలు



తుడియలూరులో ఉన్నవారికి కొండ కొత్త కాదు. మేట్టుపాళయం రోడ్డు మీద నిలబడి ఉత్తరానికి చూస్తే నీలగిరులు కనిపిస్తాయి. పడమటి దిక్కున వెళ్ళియంగిరి ఉంది. ఏటా వేసవికి ముందు మన ఇళ్ళలో ఎవరో ఒకరు వెదురు కర్ర పట్టుకుని ఆ ఏడు కొండలూ ఎక్కి వస్తూనే ఉంటారు. అలా ఎక్కి వచ్చిన కుర్రవాడు ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "నాన్నా, నేను హిమాలయాలకు పోతాను, కిలిమంజారోకు పోతాను" అన్నాడనుకోండి. ఏం చెప్పాలి? వద్దని కసరడం తేలిక, సరేనని డబ్బు చేతిలో పెట్టడం అంతకన్నా తేలిక. ఈ రెండింటికీ నడుమ చేయవలసిన పని ఒకటుంది. అదే లెక్క వేసుకోవడం. ఆ లెక్కలేమిటో ఈ పూట చెప్పుకుందాం.

మొదటిది గాలి లెక్క. మన ఊళ్ళో గాలిలో ప్రాణవాయువు నూటికి సుమారు 21 పాళ్ళు. ఎవరెస్టు కొన మీద కూడా 21 పాళ్ళే. అయితే పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది. సుమారు 5,500 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి సగమే. 8,848 మీటర్ల ఎవరెస్టు మీద మూడో వంతే. అంటే అక్కడ మూడుసార్లు ఊపిరి పీల్చినా ఇక్కడి ఒక ఊపిరికి సాటి వస్తుందో రాదో. దొడ్డబెట్ట 2,637 మీటర్లు, వెళ్ళియంగిరి సుమారు 1,800 మీటర్లు. ఈ కొండలు కాళ్ళకు పరీక్ష పెడతాయి. 3,000 మీటర్లు దాటిన కొండ రక్తానికీ, ఊపిరితిత్తులకూ, మెదడుకూ పరీక్ష పెడుతుంది. ఇక్కడ చురుగ్గా ఎక్కినవాడు అక్కడ కూడా చురుగ్గానే ఎక్కుతాడన్న నమ్మకం లేదు.

రెండవది రోజుల లెక్క. పలచని గాలికి శరీరం అలవాటు పడుతుంది, కాని తొందరపెడితే పడదు. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకున్న చోటికీ రేపు రాత్రి పడుకునే చోటికీ నడుమ 500 మీటర్లకు మించి తేడా ఉండకూడదని వైద్యులు చెబుతారు. మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఆగాలి. పగలు ఎంత ఎక్కినా ఫరవాలేదు, పడుకునేది మాత్రం కిందికి దిగి. ఈ సూత్రాన్ని కిలిమంజారోకు వర్తింపజేసి చూడండి. దాని ఎత్తు 5,895 మీటర్లు. శిఖరానికి బయలుదేరే చివరి మకాం సుమారు 4,700 మీటర్ల దగ్గర. 3,000 నుంచి 4,700కు 1,700 మీటర్లు. దానికి నాలుగు రాత్రులు, నడుమ ఆగే రోజు ఒకటి, కింద ఎక్కే రోజులు, దిగే రోజులు. మొత్తం ఏడెనిమిది రోజులు. ఐదు రోజుల్లో ముగించేస్తామని, ఖర్చు తక్కువని ఎవరైనా చెబితే, ఆ తగ్గిన డబ్బు మీ శరీరానికి దక్కవలసిన రోజుల్లోంచి తీసినదని గ్రహించండి.

మూడవది ఒంటి లెక్క. బయలుదేరడానికి కనీసం ఆరు నెలల ముందు వైద్యుణ్ణి చూడాలి. గుండె, ఊపిరితిత్తులు, రక్తపోటు, ఇవన్నీ చూపించుకోవాలి. 2024లో వెళ్ళియంగిరి ఎక్కుతూ కొందరు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. అంత ఎత్తుకే ఒంట్లోని లోపం బయటపడితే, దానికి మూడింతల ఎత్తున ఏమవుతుందో ఆలోచించండి. వైద్యుడు సరేనన్న తరువాత వారానికి నాలుగైదు రోజులు నడక, మెట్లు ఎక్కడం, వీపు మీద పది పన్నెండు కిలోల సంచితో కొండ నడక చేయాలి. మంచు మీద ఎక్కాలంటే శిక్షణ తప్పనిసరి. డార్జిలింగులో 1954లో స్థాపించిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశిలో 1965లో స్థాపించిన నెహ్రూ సంస్థ ఇందుకు పేరుపడ్డవి. ముందు ప్రాథమిక శిక్షణ, అందులో రాణిస్తేనే పై శిక్షణ.

దీనికి మన తెలుగువారిలోనే చక్కని ఉదాహరణ ఉంది. 2014 మే 25న, అంటే ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాలు కావడానికి వారం ముందు, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. ఈ సంగతి అందరికీ తెలుసు. దాని వెనుక వరస మాత్రం తక్కువమందికి తెలుసు. ముందు భువనగిరి బండ మీద పాఠం, తరువాత డార్జిలింగు, ఆపైన లడాఖ్ చలి. ఒక్కో మెట్టు దగ్గర కొందరిని ఆపి, కొందరిని పంపి, చివరికి ఈ ఇద్దరిని ఎంచారు. ఒక్క మెట్టూ దాటవేయలేదు.

నాలుగవది సామాను లెక్క. ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. కోయంబత్తూరు నుంచి దొడ్డబెట్టకు వెళితేనే పద్నాలుగు డిగ్రీలు తగ్గాలి. మనది నూలు మిల్లుల ఊరు, అయినా చెప్పక తప్పదు: కొండ మీద ఒంటికి తగిలే బట్ట నూలుది వద్దు. చెమటకు తడిసిన నూలు ఆరదు, ఒంట్లోని వేడిని లాగేస్తుంది. ఉన్ని, తేలికగా ఆరే బట్టలు పొరలు పొరలుగా వేసుకోవాలి. కొత్త బూట్లు ఇక్కడే రెండు నెలలు తొడిగి అలవాటు చేసుకోవాలి. ఇల్లాళ్ళకు బాగా తెలిసే మాట ఒకటి: 5,300 మీటర్ల దగ్గర నీళ్ళు సుమారు 82 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కరు లేకుండా కందిపప్పు ఉడకదు. కాబట్టి తిండి సంగతి కూడా ముందే అడిగి తెలుసుకోవాలి.

ఐదవది డబ్బు లెక్క. ఎవరెస్టుకు నేపాల్ ప్రభుత్వం విదేశీయుల వద్ద తీసుకునే అనుమతి రుసుమే 11,000 డాలర్ల నుంచి 2025 సెప్టెంబరులో 15,000 డాలర్లకు పెరిగింది. షెర్పాలు, ప్రాణవాయువు సిలిండర్లు, తిండి ఇందులో చేరవు. ఏ కొండకైనా బీమా పత్రం చదివి, ఎంత ఎత్తు వరకు చెల్లుతుందో, హెలికాప్టరు ఖర్చు ఇస్తారో లేదో చూడండి.

ఆరవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మార్గదర్శి లెక్క. ఆయన్ను ఈ ప్రశ్నలు అడగండి. ఒక్కో మార్గదర్శికి ఎంతమంది? జబ్బు చేస్తే కిందికి తెచ్చేదెవరు? మూటలు మోసేవారికి బట్టలు, బీమా ఉన్నాయా? శిఖరం రోజున ఎన్ని గంటలకు వెనుదిరుగుతారు? ఈ చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేనివారితో వెళ్ళకండి. 1996 మే 10న ఎవరెస్టు మీద పేరున్న మార్గదర్శుల వెంట వెళ్ళినవారిలో కొందరు, తిరగవలసిన వేళ దాటాక కూడా పైకే నడిచారు. సాయంత్రం తుపాను కమ్ముకుంది. ఆ తుపానులో ఎనిమిదిమంది చనిపోయారు. వారిలో మార్గదర్శులు కూడా ఉన్నారు.

ఇంకొక పేరు తలచుకోవాలి. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘానికి చెందిన మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కారు. అంతటి ఆరితేరినవారు 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా శిఖరానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆయన సాహసాన్ని తగ్గించడానికి ఈ మాట చెప్పడం లేదు. ఎంత అనుభవజ్ఞులనైనా కొండ మినహాయించదని చెప్పడానికే.

చివరగా, కొండకు వెళ్ళేవారు కంఠస్థం చేయవలసిన సంగతి. తలనొప్పి, వికారం, నిద్రలేమి కనిపిస్తే పైకి వెళ్ళకూడదు. అక్కడే ఆగాలి, తగ్గకపోతే దిగాలి. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, మాట తడబడుతున్నా, గీత మీద సరిగా నడవలేకపోతున్నా అర్ధరాత్రి అయినా సరే వెంటనే కిందికి దిగాలి. మాత్ర మింగి పైకి పోవడం కూడదు. మాత్రలేవైనా బయలుదేరేముందే వైద్యుడి సలహాతో తీసుకోవాలి.

అందుచేత మీ ఇంట్లో కుర్రవాడో, అమ్మాయో కొండకు పోతానంటే కసరకండి. కాగితం, కలం ఇచ్చి ఈ ఆరు లెక్కలూ వేయమనండి. వేసి తెచ్చాక ఒక్క మాట తీసుకోండి: "శిఖరం కనబడుతున్నా సరే, వేళ దాటితే వెనక్కి తిరుగుతాను" అని. ఆ మాట ఇవ్వగలిగినవాళ్ళను సంతోషంగా సాగనంపండి. కొండ ఎక్కడికీ పోదు, మరుసటి ఏడాది కూడా అక్కడే ఉంటుంది. మనవాళ్ళు ఇంటికి రావాలి.

సెలవు.