ఎవరిదీ కాని సముద్రంలో చేపలకు కాపలా ఎవరు?

ఉమ్ అల్ క్వైన్‌లో కాపురముండే తెలుగువాళ్ళకి షేరీ, సాఫీ చేపల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో వీటిని పట్టకూడదనీ, అమ్మకూడదనీ ఎమిరేట్స్ ప్రభుత్వం నిషేధం పెడుతూ వచ్చింది. అది ఆ చేపలు గుడ్లు పెట్టే కాలం. మన కోస్తాలోనూ అంతే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలు వేటకి వెళ్ళకూడదు. రెండుచోట్లా నియమం పెట్టడానికీ, మీరినవాడిని పట్టుకోవడానికీ ఒక ప్రభుత్వం ఉంది.

మరి తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 370 కిలోమీటర్లు దాటిన తరువాత? 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం ఆ అవతల నీళ్ళలోని చేపల మీద ఏ ఒక్క దేశానికీ పెత్తనం లేదు. ఊరుమ్మడి చెరువు లాంటిదన్నమాట. కాకపోతే చెరువుకి పంచాయతీ ఉంటుంది, ఇక్కడ పంచాయతీని కూడా దేశాలే కూడబలుక్కుని పెట్టుకోవాలి.

పెట్టుకోకపోతే ఏమవుతుందో బేరింగ్ సముద్రం చూపించింది. అమెరికా, రష్యాల జలాల నడుమ, గారెకి చిల్లులా, ఎవరికీ చెందని నీళ్ళు కొన్ని మిగిలాయి. 1980 దశకంలో జపాన్, కొరియా, పోలండ్, చైనా ఓడలు అక్కడ పోలక్ చేప కోసం పోటీలు పడ్డాయి. 1989లో సుమారు 14 లక్షల టన్నులు పట్టారు. మూడేళ్ళు తిరిగేసరికి వలలో పడడానికి చేప లేదు. 1993లో వేట ఆపారు, 1994లో ఒడంబడిక రాసుకున్నారు. అక్కడ వేట ఇప్పటికీ తిరిగి మొదలు కాలేదు.

ఇహ ఉత్తర ధ్రువం సంగతి. అక్కడ నడిసముద్రంలో 28 లక్షల చదరపు కిలోమీటర్లు ఎవరిదీ కాదు. భారతదేశం కంటె కొంచెం చిన్నది, అంతే. మంచు కరుగుతూ ఉండడంతో వేసవిలో కొంతమేర ఓడలకి దారి ఏర్పడుతోంది. ఈసారి దేశాలు ముందే మేలుకున్నాయి. 2018 అక్టోబరు 3న గ్రీన్‌లాండ్‌లోని ఇలులిస్సాట్‌లో తొమ్మిది దేశాలూ, యూరోపియన్ యూనియనూ సంతకాలు చేశాయి. ఒప్పందం 2021 జూన్ 25న అమలులోకి వచ్చింది. దాని సారాంశం: ముందు శాస్త్రవేత్తలు అక్కడ ఏ చేప ఎంత ఉందో తేల్చాలి, తరువాతే వాణిజ్య వేట గురించి మాట్లాడాలి. ఇంకా మొదలవని వేటని ఆపడమే ఇందులోని విశేషం. "చేప తగ్గిందని రుజువు చెయ్యి" అని శాస్త్రవేత్తని అడిగే పాత పద్ధతి పోయి, "పట్టినా నష్టం లేదని రుజువు చెయ్యి" అని వేటగాడిని అడిగే పద్ధతి వచ్చింది.

అయితే పంచాయతీ ఉంటే చాలదు, తీర్పు కూడా ఇవ్వగలగాలి. దక్షిణ ధ్రువ సముద్రానికి 1982 నుంచీ ఒక కమిషన్ ఉంది, దాని కార్యాలయం ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో. భారతదేశమూ అందులో సభ్యురాలే. అక్కడ ఏ నిర్ణయానికైనా అందరూ ఒప్పుకోవాలి, ఒక్క దేశం అడ్డు చెప్పినా ఆగిపోతుంది. 2016లో రాస్ సముద్రంలో 15 లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు రక్షిత ప్రాంతానికి అందరూ ఊ అన్నారు. ఆ తరువాత వచ్చిన ప్రతిపాదనలు రష్యా, చైనాల అభ్యంతరాలతో ఏళ్ళ తరబడి నిలిచిపోయాయి.

ఉత్తర ధ్రువ ఒప్పందానికీ గడువుంది: 16 ఏళ్ళు, అంటే 2037 వరకు. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే అయిదేళ్ళ చొప్పున పొడిగిస్తారు. ఒక్కరు కాదన్నా పొడిగింపు ఆగుతుంది. ఈరోజు మన ఇళ్ళలో బడికి వెళుతున్న పిల్లలు అప్పటికి పెద్దవాళ్ళవుతారు. గారె చిల్లు కథ వాళ్ళకి ఇప్పుడే చెప్పి ఉంచడం మంచిది.