త్రుప్పు పట్టిన బండిచట్రము



నేటి ప్రసంగమునకు విషయము పాతబడిన పికప్ బండి యొక్క చట్రము. ధాన్యపు బస్తాలు, కూరగాయల గంపలు, పాలక్యానులు, పశుగ్రాసము, ఇవి యన్నియు నిప్పుడు మన పల్లెలనుండి ఆ బండిమీదనే పట్టణము చేరుచున్నవి. పూర్వము ఎడ్లబండి కొనునపుడు పెద్దలు ఇరుసును, నొగలను తట్టి చూచి గాని బేరమాడెడివారు కారు. ఇప్పుడు పాత పికప్ కొనుచోట యువకులు పైరంగును చూచి, ఇంజను ధ్వనిని విని, తృప్తి పడుచున్నారు. బరువును మోయునది రంగు గాదు, ధ్వనియు గాదు. అడుగున దాగియుండు ఉక్కుచట్రమే మోయుచున్నది. దానినే పనివారు ఛాసీ యందురు. సొమ్మిచ్చువారు తరచుగా ఇంటిపెద్దలే గనుక, ఈ సంగతి వారికి విన్నవించుట యుక్తమని తలంచితిని.

నిచ్చెనను నేలపై పరుండబెట్టినట్లు ఊహింపుడు. రెండు పొడవైన ఉక్కుదూలములు, వానిని కలుపు అడ్డపట్టీలు, ఇదియే చట్రము. ఇంజను, గేరుపెట్టె, ఇరుసులను మోయు కమాను కట్టలు, డ్రైవరు కూర్చుండు గది, వెనుక సరకుతొట్టి, అన్నియు దీనికే బోల్టులతో బిగింపబడియుండును. కావున తలుపు చిల్లిపడిన వాన లోనికి వచ్చును, అంతే. చట్రము చిల్లిపడిన బండియే విఱుగును.

శరీరశబ్దమునకు శీర్ణమగునది యని శాబ్దికులు వ్యుత్పత్తి చెప్పుదురు. ఇనుప శరీరమునకును ఆ ధర్మమే. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు, ఈ మూడును కూడినచోట త్రుప్పు పుట్టును. వైద్యులు మండూరమని భస్మము చేయునది ఈ లోహకిట్టమునే. త్రుప్పు తాను తినివేసిన ఇనుముకంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించును. అందుచేత రెండు రేకులు అంటియున్న సందున పుట్టినచో వానిని ఉబ్బించి విడదీయును. పెట్టెవలె మూసిన దూలములో నీరు, బురద చేరినచో లోపలినుండి తినుకొనివచ్చును. వెలుపల రంగు నిగనిగలాడుచుండగనే లోపల గుల్లయగును.

ఢిల్లీలోని ఇనుపస్తంభము పదునైదువందల యేండ్లకు పైగా నిలిచియున్నదిగదా యని కొంద ఱడుగుదురు. ఆ యినుములో భాస్వరము పాలు హెచ్చు. అది పైన నొక రక్షకపు పొరను గట్టుటకు తోడ్పడినది. బండి చట్రపు ఉక్కు అట్టిది గాదు. దాని రక్షణ మంతయు పైపూతయే.

ఇక ఉప్పు సంగతి. ఉప్పునీరు విద్యుత్తును సులభముగా ప్రసరింపజేయును గనుక త్రుప్పు త్వరితముగా వ్యాపించును. అమెరికా ఉత్తర రాష్ట్రములలో శీతకాలమున రోడ్లపై మంచు కరుగుటకై ఉప్పు చల్లుదురు. అచ్చట టయోటా వారి టకోమా యను పికప్ బండ్ల చట్రములు అకాలముగా చిల్లులు పడినవి. 1995 మొదలు 2000 వఱకు గల నమూనాలకు ఆ సంస్థ 2008లో త్రుప్పు విషయమై పదునైదేండ్ల హామీ నిచ్చెను. తరువాతి నమూనాలనుగూర్చి యజమానులు న్యాయస్థానమున కెక్కగా, 2016లో రాజీ కుదిరినది. సుమారు పదునైదు లక్షల బండ్లకు సంబంధించిన ఆ యేర్పాటు విలువ 340 కోట్ల డాలర్ల వఱకు నుండవచ్చునని లెక్కించిరి. త్రుప్పు తినివేసిన చట్రమును తీసి క్రొత్తది వేయుట అందలి ముఖ్యాంశము.

మనకు మంచు లేదు గాని ఉప్పు లేకపోలేదు. నౌపడా, చినగంజాము మొదలగు తావుల ఉప్పుకొఠారులనుండి సరకు మోయు బండ్లకును, చేపలు, రొయ్యలు, మంచుగడ్డలు మోయగా ఉప్పునీరు కాఱుచుండు బండ్లకును, సముద్రపు గాలి సోకుచుండు గ్రామముల బండ్లకును ఈ జబ్బు దగ్గఱి చుట్టము.

పరీక్షించు విధము సులభము. బండిని గట్టి ఆధారములపై నెత్తించి, క్రింది బురదను కడిగించి, చిన్నసుత్తితో చట్రమును పొడవునా తట్టింపుడు. మంచి ఉక్కు ఖంగుమని మ్రోగును. చెడినది కుండపెంకువలె మందముగా పలుకును. అచ్చట మొనగల పనిముట్టుతో గట్టిగా పొడిచిన లోనికి దిగినచో అది ఇనుము గాదు, ఇనుము పేరు మాత్రమే. కమాను కట్టలు తగులుచోట్లను, చట్రము వంపు తిరుగు చోట్లను, పెట్రోలు లేక డీజిలు తొట్టిమీది భాగమును తప్పక చూడవలెను. క్రొత్తగా నల్లరంగు పూసియున్న పాత చట్రమును మఱింత శంకింపవలెను.

చిల్లి యొకచోటనే యుండి, చుట్టును మంచి ఉక్కున్నచో, నిపుణుడు చెడినదానిని కోసివైచి అతుకు వేయవచ్చును. కమాను కట్టల చెంతను వంపులయందును చెడినను, దూలములు పలుతావుల గుల్లయైనను, అతుకు పనికిరాదు. సన్నగిల్లిన ఉక్కుకు వేసిన అతుకు చిరుగుబట్టకు వేసిన మాసికవంటిది. కుట్టు నిలుచును, ప్రక్కన చిరుగును. అప్పుడు చట్రమునే మార్చవలెను, లేదా బండిని విడువవలెను.

మార్పు క్రమ మిట్టిది. మొదట బ్యాటరీ తీగలు విప్పి, ఇంధనము తీసివేయవలెను. పట్టుకొనిపోయిన బోల్టులను కొన్నిదినములు నూనెతో నాననిచ్చి విప్పవలెను. రానివానిని కోయవలసివచ్చిన, ఇంధనపు తొట్టిని ముందే దూరముగా నుంచవలెను. తీగలకు, గొట్టములకు గుర్తులు కట్టవలెను. పిదప సరకుతొట్టిని, గదిని సమముగా పైకెత్తి నిలిపి, ఇంజను మొదలగువానిని పాత చట్రమునుండి క్రొత్తదానికి మార్చవలెను. క్రొత్త చట్రపు రెండు కర్ణములను కొలిచిన సమానముగా నుండవలెను. లేనిచో బండి ఒకప్రక్కకు లాగును. బ్రేకు గొట్టములు, రబ్బరు దిమ్మలు పాతవి తిరిగి వేయరాదు. తుదకు బ్రేకులలోని గాలి తీసి, చక్రముల వరుస సరిచూచి, ఖాళీబండిని నడిపి, బోల్టులను మరల బిగింపవలెను. ఇది పెద్ద జాకీలు, ఎత్తుయంత్రము గల షెడ్డులో చేయదగిన పని. చెట్టుక్రింద చేయదగినది గాదు.

మఱియొక సంగతి. బండి సంఖ్య చట్రముమీదనే చెక్కబడి రిజిస్ట్రేషను పత్రమున వ్రాయబడియుండును. ఆ పత్రమందలి వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. కావున పని మొదలిడుటకు ముందే రవాణా కార్యాలయమున విచారించి, భీమావారికిని తెలుపవలెను. పాత సంఖ్యగల ముక్కను కోసి క్రొత్త చట్రమునకు అతికించుట దొంగబండ్లవారి పద్ధతి. పెద్దమనుష్యు లెవ్వరును అందుకు సమ్మతింపరాదు.

ఖర్చు ఎక్కువగదా యందురు. అగుగాక. బండి వెలకంటె ఖర్చు మించినచో దానిని తుక్కునకు అమ్ముట మేలు. లోపము దాచి మఱియొక పల్లెవానికి అంటగట్టుట మాత్రము కూడదు. సరకుబండిలో మనుష్యుల నెక్కించుట చట్టవిరుద్ధమైనను, నాట్లకును కోతలకును పోవు కూలీలు ఆ తొట్టిలోనే కూర్చుండుట మన మెఱుగనిది గాదు. గుల్లయైన చట్రము బరువుతో గోతిలో పడిననాడు నష్టపోవునది రూపాయలు మాత్రమే గాదు.

చట్రము బాగున్నవారు వారమున కొకమాఱు మంచినీటితో అడుగుభాగమును కడిగింపుడు. నీరుపోవు రంధ్రములను మూసికొననీయకుడు. ఏటేటా వానలకు ముందు ఆరబెట్టి, దూలముల లోపలికిగూడ రక్షకపు నూనె పట్టింపుడు. పైరంగు చూచువారికొఱకు, అడుగుచట్రము ఎక్కువారికొఱకు. మీ యింటి బండిని మెకానిక్కు ఎత్తినపుడు మీరును ఒకసారి వంగి చూడుడు.