చిన్న చక్రముపై పెద్ద అంకె

ధర్మవరము, పెనుకొండ, బుక్కపట్టణముల దారులు వచ్చి కలియు కొత్తచెఱువులో, తరగతియందు వృత్తచలనమును గూర్చి చెప్పుచుండగా, తండ్రికి వెల్డింగు అంగడి గల విద్యార్థి యొకడు సంచిలోనుండి మూడు సాన చక్రములను దీసి బల్లపై వరుసగా పేర్చి, “సార్, చిన్నదాని మీద పెద్ద నెంబరు, పెద్దదాని మీద చిన్న నెంబరు వేసినారే, అచ్చు తప్పు పడిందా సార్?” అని యడిగెను. చూడగా 180 మిల్లీమీటర్ల వ్యాసము గల చక్రముపై నిమిషమునకు 8,500 భ్రమణము లనియు, 125 మిల్లీమీటర్లదానిపై 12,200 అనియు, అరచేతిలో నిముడు 100 మిల్లీమీటర్లదానిపై 15,000 కు మించిన సంఖ్యయు ముద్రితమై యుండెను. అచ్చులో తప్పు లేదు. ఆ మూడంకెలును ఒక్క సత్యమునే చెప్పుచున్నవి. దానిని గ్రహించినవానికి ఇనుముపై తుప్పును, పాత రంగును వదలించుటకు ఏ పనిముట్టు కొనవలెనను సందేహములో సగము తీరిపోవును.

వర్షచ్ఛాయలో నున్న ఈ సీమలో తుప్పు విశాఖపట్టణపు తీరమునందువలె పరుగులు తీయదు. గాలిలో తేమ సుమారు 60 శాతమునకు మించిననే ఇనుముపై తుప్పు వేగముగ బలియునని 1930ల దశకములో వెర్నన్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను. మా వేసవి గాలికి ఆ తేమ యెక్కడిది? అయినను తడి ఇసుక మోసిన ట్రాక్టరు ట్రాలీ అడుగురేకున, బోరు నీరు చిందు చోటనున్న ఇనుప పెట్టెకు, గేటు క్రింది కీలునకు అది పట్టక మానదు. అట్టి వస్తువు అతుకునకు వచ్చినప్పుడు తుప్పును గీకనిదే వెల్డరు రాడ్డు ముట్టించడు. ఏలయన తుప్పులో దాగిన నీరు విద్యుజ్జ్వాలలో విడిపోయి హైడ్రోజనును వెలువరించి, అతుకు నిండ బెజ్జములు పడవేయును. కావుననే ప్రతి వెల్డింగు అంగడిలోను, వైరు చుట్టుకొని నేలపై పడియుండు ఆ గ్రైండింగ్ మిషను మనకు కనబడుచుండును. దాని వడివడి కేక విననివారుండరు; దాని కడుపులో నేమున్నదో చూచినవారు మాత్రము తక్కువ.

మొదట చక్రమును చూతము. దానిలో కోయుచున్న పదార్థము అల్యూమినియం ఆక్సైడు, అనగా మన పూర్వులెఱిగిన కురువిందము. వజ్రమును మినహాయించిన, ప్రకృతిలో సాధారణముగ దొరకు ఖనిజములలో అంతటి కాఠిన్యము గలది మఱియొకటి లేదు. ఈ కురువిందము పాత అనంతపురము జిల్లాలోనే దొరకును. దానిని పొడిచేసి, కరగిన లక్కలో కలిపి, చక్రముగా పోసి, రత్నములకు సానపట్టుట మన దేశపు పనివారి అనాది విద్య. కఠినమైన రేణువు, దానిని పట్టియుంచు జిగురు: ఈ రెండే సాన చక్రమునకు ప్రాణములు. 1890ల ఆరంభములో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ విద్యుత్ కొలిమిలో ఇసుకను బొగ్గును కలిపి కాల్చి కార్బొరండమను కఠినపదార్థమును సృష్టించెను. పిమ్మట కృత్రిమ కురువిందమును కొలిమినుండియే వచ్చెను. లక్క స్థానమును బేకలైటు జాతి రెసిను ఆక్రమించెను. దాని నడుమ గాజుదారపు వల పొదుగబడెను. మొద్దువారిన రేణువు ఊడిపోయి క్రింది పదునైన రేణువునకు చోటిచ్చునట్లు జిగురును సరిపాళ్ళలో ఉంచుటయే ఇందలి నేర్పు. మిక్కిలి గట్టిగా పట్టినచో చక్రము నునుపెక్కి పని మానును. వదులుగా పట్టినచో వ్యర్థముగా అరిగిపోవును.

ఇక యంత్రము. జర్మనీలో స్టుట్‌గార్ట్ ప్రాంతమున 1922లో అకర్మన్, ష్మిట్ అను ఇరువురు ఒక సంస్థను స్థాపించి, ఒక మూల మోటారును, చేతిలో చక్రమును, ఆ రెండింటి నడుమ వంగెడి తీగ ఇరుసును గల సాన యంత్రమును చేసిరి. ఆ వంగు గుణము వలననే వారి సరకునకు ఫ్లెక్స్ అను పేరు స్థిరపడినది. పిమ్మట వారే ఆ తీగను విడనాడి మోటారును చేతిలోనికి తెచ్చి, 1954లో అధికవేగముతో తిరుగు కోణపు గ్రైండరును వెలువరించిరి. నేడు మన అంగళ్ళలో నున్న ప్రతి యంత్రమును దాని సంతతియే.

మోటారును చేతిలోనికి తెచ్చుట తేలికైన పని కాదు. మన రైతులెల్లరు ఎఱిగిన బోరు మోటారు ప్రేరణ మోటారు. సెకనుకు 50 ఆవృత్తుల విద్యుత్తుతో నడచునట్టిది నిమిషమునకు 3,000 భ్రమణములను దాటజాలదు, ఎంత పెద్దదైనను అంతే. గ్రైండరులోని మోటారు వేఱు కులమునకు చెందినది. దానిలో నిలిచియుండు అయస్కాంతపు చుట్టలును, తిరుగు ఆర్మేచరు చుట్టలును ఒకే వరుసలో కలుపబడియుండుటచే, విద్యుత్తు దిశ సెకనుకు నూఱు మార్లు మాఱుచున్నను, రెండు చుట్టలలోను ఒక్కసారిగనే మాఱుటవలన, ఋణమును ఋణముతో హెచ్చవేసిన ధనమగునట్లు, త్రిప్పుడు బలము ఎప్పుడు నొకే దిక్కునకు పనిచేయును. దానికి ఆవృత్తుల సంకెల లేదు. బరువు లేనప్పుడు నిమిషమునకు ముప్పదివేల భ్రమణముల వఱకును పోగలదు. అంత చిన్న గొట్టములో అంత శక్తి పట్టుటకు ఈ వేగమే కారణము. గాలికంతలలో కనబడు నీలి మిణుగురులు, ఆర్మేచరునకు విద్యుత్తునందించు కార్బన్ బ్రష్షులవి. ఈ జాతి మోటారునకు ఒక స్వభావము కలదు: బరువు పడిన కొలది వేగము తగ్గించుకొని, ఎక్కువ విద్యుత్తును త్రాగి, వేడెక్కును. గట్టిగా నొక్కిన పని త్వరగా తెమలునని తలచువారు వాస్తవమునకు చక్రమును మందగింపజేసి మోటారును కాల్చుచున్నారు.

నాకు మిక్కిలి ప్రీతియైనది దాని తలలోని పళ్ళచక్రముల జత. మోటారు ఇరుసు కొనను చిన్న శంఖాకారపు పళ్ళచక్రము, దానికి లంబముగా పెద్దది. ఈ రెండును కలిసికొని భ్రమణమును తొంబది డిగ్రీలు మరల్చుటయేగాక వేగమును మూడవ వంతునకు దించి, బలమును ఆ మేరకు పెంచును. పళ్ళు తిన్నగా కోయబడియుండవు. వంపు తిరిగి యుండును. అందుచేత ఒక పన్ను విడువకముందే మఱియొకటి పట్టుకొనును. దెబ్బ లేకుండ, బలము జాఱిపోకుండ అప్పగింత జరుగును. ఈ మలుపు లేనిచో మోటారు చక్రమునకు వెనుక నిలువుగా నిక్కియుండి, ఇనుప రేకుపై చక్రమును పరచి పట్టుట చేతకాకపోయెడిది. మలుపువలన మోటారు పనితలమునకు సమాంతరముగ పరుండినది. ఒక చేయి మొండెముపైనను, రెండవది ప్రక్కపిడిపైనను ఉంచి, చక్రమును పదునైదు ముప్పది డిగ్రీల వాలుతో ఆనించు సౌకర్యము మనుజునకు లభించినది. ఆ అల్యూమినియపు తల చేయి పెట్టలేనంతగా కాలినచో లోపలి గ్రీజు ఎండినదని తెలియవలెను.

పిల్లవాని ప్రశ్నకు ఇప్పుడు వత్తము. తిరుగు చక్రము తన్ను తాను చీల్చుకొనజూచును. అంచులోని ప్రతి కణమును తిన్నగా పోవ తలచును, జిగురు దానిని లోపలికి లాగి పట్టియుంచును. సన్నని వలయమునకు లెక్క కట్టిన, ప్రమాణ వైశాల్యమునకు ఈ లాగుడు పదార్థపు సాంద్రతను అంచువేగపు వర్గముతో హెచ్చవేసినంత యగును. ఆ సూత్రములో వ్యాసార్ధము ప్రత్యేకముగా కనబడనే కనబడదు. కావున చక్రము పెద్దదైనను చిన్నదైనను ఓర్చుకొనగల అంచువేగ మొక్కటియే. చక్రములపై సన్నని అక్షరములలో సెకనుకు 80 మీటర్లని యుండును. 180 మిల్లీమీటర్ల చక్రము 8,500 భ్రమణములతోను, 125ది 12,200తోను తిరిగిన వచ్చునది సరిగా ఆ 80 మీటర్లే. పిల్లలచే బల్లపై లెక్క కట్టించితిని; వారి ముఖములలో కలిగిన వెలుగు నాకు చాలా కాలము జ్ఞాపకముండును.

ఈ లెక్కనుండియే ప్రాణముల కాపాడు విషయమొకటి వచ్చును. సాధారణపు నాలుగంగుళముల గ్రైండరు నిమిషమునకు 11,000 భ్రమణములు చేయును. 100 మిల్లీమీటర్ల చక్రమునకు అది సెకనుకు 57 మీటర్ల పైచిలుకు, అనగా గంటకు 200 కిలోమీటర్లకు మించినది. కవచమును ఊడదీసి, సగమరిగిన ఏడంగుళముల చక్రమును దానికే బిగించి వాడుటను నేను చూచియున్నాను. అఱగని ఏడంగుళముల చక్రమైనచో అంచువేగము 104 మీటర్లకు చేరి, చీల్చెడి బలము అనుమతించిన దానికి ఒకటిన్నర రెట్లను దాటును. పగిలిన ముక్క ఏ దిక్కునకు పోవునో ఎవ్వరును చెప్పలేరు. పలుచని కటింగ్ వీలును ప్రక్కవాటుగా నదిమి తుప్పు గీకుటయు అట్టిదే. అది అంచుతో కోయుటకే గాని ప్రక్కబలమును ఓర్చుటకు చేయబడినది కాదు. రెసిను కాలముతో బలహీనపడును గనుక చక్రము నడుమనున్న రేకు వలయముపై గడువు నెల, సంవత్సరము ముద్రించియుండును. కొనునప్పుడు దానిని చదువుడు.

ఇంతకును తుప్పు వదలించుటకు సాన చక్రము తగినదేనా? నా అభిప్రాయమున తగదు. తుప్పునకును ఇనుమునకును భేదమెఱుగని కురువిందపు రేణువు రెండింటిని సమానముగ తినివేయును. రేకు పలుచబడును, తుప్పు గుంటల అడుగున మిగిలిపోవును. తుప్పు వదలించు సాధనమునకు ఉండవలసిన మొదటి గుణము వివేచన. తుప్పు తాను తినిన ఇనుముకంటె కొన్ని రెట్లు ఎక్కువ చోటాక్రమించి, పెళుసై, పొరలుగా లేచియుండును. క్రిందనున్న ఇనుము సాగుడుగుణము గలది. ఈ భేదమును ఎఱిగినది ఉక్కుతీగల కప్ బ్రష్షు. తీగ వంగునది గనుక మంచి ఇనుముపై జాఱిపోవును, పెళుసు పొరను మాత్రము పగులగొట్టును. పనిచేయునది తీగ మొన; చీపురును అదిమిపట్టిన పుల్లలు వంగి కసవు కదలనట్లే, బ్రష్షును నొక్కిన తీగలు వంగి ప్రక్కలతో రుద్దుటయే మిగులును. అప్పుడు తుప్పు పోదు, నల్లగా మెఱుగెక్కి ఇనుమువలె కనబడి మోసగించును. దానిపై వేసిన రంగు త్వరలోనే పొంగి లేచును. మెలిపెట్టిన తీగముడుల బ్రష్షు దళసరి తుప్పునకు, విడితీగల బ్రష్షు పలుచని దానికి తగును. బ్రష్షునకు అనుమతించిన వేగము చక్రమునకు వలె ఉండదు, దానిపై ముద్రించినదే ప్రమాణము. తెగిన తీగ సూదివలె ఎగిరి దుస్తులను దాటి చర్మమున గ్రుచ్చుకొనును.

బ్రష్షునకు పూర్వమునుండియు ప్రత్యర్థి ఇసుక. 1870లో ఫిలడెల్ఫియా నగరపు బెంజమిన్ టిల్గ్‌మన్ ఆవిరిబలముతోను గాలిబలముతోను ఇసుకను చిమ్మి కఠినవస్తువులను కొఱుకు పద్ధతికి పేటెంటు పొందెను. తీగ మొన పోలేని గుంటలోనికి రేణువు పోవును. పెళుసుదానిని పగులగొట్టి, ఇనుముపై రంగు పట్టుకొనుటకు వలసిన సన్నని గరుకును మిగిల్చును. అంతర్జాతీయ ప్రమాణములలో చేతియంత్రములతో చేసిన శుభ్రతకు అత్యున్నత మెట్టు ఎస్‌టీ 3; ఇసుకకు ఎస్ఏ రెండున్నర, మూడు. కాని స్ఫటికపు ఇసుక ధూళి ఊపిరితిత్తులను గట్టిపఱచును. బ్రిటనులో పోతలను ఇసుకతో చిమ్ముటను 1949 నాటి నిబంధనలే నిషేధించినవి. నేడు గార్నెటును, ఉక్కు రవ్వను వాడుదురు. ఆ గార్నెటు మన భీమునిపట్టణపు తీరపు ఇసుకలోనే కలదు. గేటు ఒక్కదానికై కంప్రెసరు తెచ్చుట అసాధ్యము గనుక, ఈ గుణమును చేతిలోని బ్రష్షునకు తెచ్చిన యంత్రమొకటి జర్మనీలోని మోంటి సంస్థనుండి వచ్చెను. కొన వంచిన తీగలు తిరుగుచు ఒక కడ్డీని తగిలి క్షణమాగి, వెనుకకు వంగి, విడువబడి ఇనుమును కొట్టి ఎగురును. ఈ దెబ్బల స్వరూపమును అమెరికాలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయపు స్టాంగో అను పరిశోధకుడు పరిశీలించెను. ఎంత ముచ్చటైన యుక్తి! అయినను వెల మన అంగళ్ళకు అందునది కాదు. ముద్దగట్టిన వెల్డింగు మూలలలో సూదుల కట్ట గల గాలి సుత్తి మంచిది. ఒక్కొక్క సూది తన యెత్తు తానే సరిచూచుకొనును.

రంగు విషయము వేఱు. మెత్తనైన పాత రంగు తీగ క్రింద వేడెక్కి అంటుకొనును. సాన చక్రమును పూడ్చివేయును. దానికి నైలాను పోగుల మధ్య కార్బొరండపు రేణువులు పొదిగిన, జల్లెడవలె గుల్లయైన డిస్కు సమర్థము. గుల్లలవలన అది పూడుకొనదు, పలుచని రేకును తినదు. అయితే పాత గేట్ల ఎఱ్ఱ ప్రైమరులో సీస ముండవచ్చును. గృహముల రంగులలో సీసమును 90 పీపీఎంకు పరిమితము చేసిన భారత ప్రభుత్వపు నియమము 2017 నవంబరు 1 నుండియే అమలులోనికి వచ్చినది. అంతకు ముందటి రంగును పొడిగా రాపిడి పెట్టరాదు. రంగు కరగించు ద్రావణముతో మెత్తపఱచి, తడిగానే గీకి తీయవలెను.

1954కు తరువాత గ్రైండరు కథ క్లుప్తము: లోహపు మొండెము పోయి షాకు కొట్టని ప్లాస్టికు వచ్చెను, మీట వదలగనే చక్రమును ఆపు బ్రేకు వచ్చెను, బ్యాటరీయు బ్రష్షులు లేని మోటారును వచ్చినవి. ఇంటికి గాని చిన్న అంగడికి గాని నా సలహా ఇది: వేగమును తగ్గించు మీట గల నాలుగంగుళముల గ్రైండరును కొనుడు, దానితో మెలితీగల కప్ బ్రష్షు ఒకటి, నైలాను డిస్కు ఒకటి, ఎమెరీ గుడ్డ ఱెక్కల డిస్కు ఒకటి చాలును. స్టెయిన్‌లెస్ వస్తువునకు స్టెయిన్‌లెస్ తీగల బ్రష్షునే వాడుడు. మామూలు తీగ విడిచిన ఇనుపపొడియే దానిపై తుప్పు మచ్చలు పెట్టును. తుడిచిన ఇనుమునకు ఆనాడే రెడ్ ఆక్సైడు ప్రైమరు పట్టింపుడు. మీట నొక్కకముందు కవచము బిగువుగా నున్నదా, కన్నులకు అద్దములున్నవా, పిల్లలు దూరముగా నున్నారా యని చూచుకొనుడు.