క్యాసెట్ ఊదితే ఆట ఎందుకు వచ్చేది?

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ళలో పత్తి నూగు గాల్లో తేలుతూనే ఉంటుంది. 2018లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న వరంగల్ జంపఖానాలకు అది పుట్టింటి ధూళి. టీవీ కింద పెట్టిన వీడియో గేమ్‌కు మాత్రం అదే శత్రువు. క్యాసెట్ దూర్చే సందులో చేరి ఆటను ఆపేస్తుంది.

ఆ డబ్బాకు మూలపురుషుడు నింటెండో ఫ్యామికామ్. మసాయుకి ఉయెమురా రూపకల్పన చేసిన ఈ యంత్రం 1983 జులై 15న జపాన్‌లో విడుదలైంది. ప్రాసెసర్ 8 బిట్లది, పనికి వాడుకునే ర్యామ్ 2 కిలోబైట్లు. ఆట మొత్తం క్యాసెట్‌లోని చిప్పుల్లో ఉంటుంది. 1985లో వచ్చిన సూపర్ మరియో బ్రదర్స్ అంతా కలిపి 40 కిలోబైట్లే. 1990ల్లో మన ఇళ్ళకు చేరినవి చాలావరకు ఈ యంత్రపు నకళ్ళే.

క్యాసెట్ అంచున 60 పిన్నులుంటాయి. కొన్నిటి మీదుగా ప్రాసెసర్ తనకు కావలసిన సమాచారం ఎక్కడుందో అడుగుతుంది, కొన్నిటి మీదుగా జవాబు వస్తుంది. ఒక్క పిన్ను సరిగా ఆనకపోయినా, తప్పు డోర్ నంబరుకు చేరిన ఉత్తరంలా అడిగింది ఒకటి, అందేది ఇంకొకటి అవుతుంది. తెర మీద పిచ్చి గీతలు, విరిగిన అక్షరాలు అందుకే వస్తాయి.

అప్పుడు పిల్లలందరూ చేసిన పని క్యాసెట్ ఊదడం. ఆట వచ్చేది కూడా. నిజానికి పని చేసింది చాలాసార్లు ఊపిరి కాదు, క్యాసెట్‌ను తీసి మళ్ళీ పెట్టడం. ఆ రాపిడికి పిన్నుల మీది మురికి చెదిరి స్పర్శ కుదురుతుంది. ఊపిరిలోని తేమ మాత్రం లోహాన్ని మెల్లగా తినేస్తుంది. ఊదొద్దని నింటెండో కూడా చెప్పింది. దూదిపుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది పిన్నులు తుడిచి, పూర్తిగా ఆరాక పెడితే చాలు.

లైటే వెలగకపోతే అనుమానం అడాప్టర్ మీద. కొత్తది కొనేముందు పాతదాని మీద రాసిన వోల్టులు, ప్లస్-మైనస్ గుర్తులు సరిపోల్చుకోవాలి. లోపలి రెగ్యులేటర్ ఆ కరెంటును 5 వోల్టులకు దించి, మిగులును వేడిగా వదిలేస్తుంది. అందుకే డబ్బా మీద గుడ్డ కప్పకూడదు. బొమ్మ వచ్చి రంగులు రాకపోతే, యంత్రం రంగులు పంపేది ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో, టీవీ అందుకునేది మన పాల్ పద్ధతిలో అయి ఉండవచ్చు.

తెర మీది బాతులను కాల్చే డక్ హంట్ ఆట తుపాకీ కొత్త టీవీ మీద పేలకపోతే తుపాకీ చెడినట్టు కాదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. తుపాకీ కన్ను చూసేది ఆ వెలుగునే. పాత గాజు టీవీ దాన్ని వెంటనే చూపేది. ఎల్‌సీడీ కాస్త ఆలస్యంగా చూపడంతో గురి తప్పుతుంది.

అడాప్టర్, పిన్నులు, వైరు, టీవీ: ఈ వరుసలో ఒక్కొక్కటే పరీక్షిస్తే చాలాసార్లు లోపం దొరుకుతుంది. అటక మీది డబ్బాను పాత సామానుకు వేసేముందు ఇంట్లో పిల్లల చేత ఈ పరీక్ష చేయించండి. యంత్రం బాగుపడినా పడకపోయినా, కారణం వెతికే పద్ధతి వాళ్ళకు అబ్బుతుంది.