విప్పిన చెయ్యి, బిగిసిన పిడికిలి

హనుమకొండలో కరాటే క్లాసుకు వెళ్లే పిల్లాణ్ని ఇది ఏ దేశపు విద్య అని అడగండి, జపాన్ అంటాడు. వాడు నేర్చేది గోజు-ర్యూ శైలి అయితే, ముందుముందు వేయబోయే కటాల (వరుసగా కూర్చిన కదలికల) పేర్లలో కొన్ని చైనా అంకెలు: సేసాన్ 13, సేపాయ్ 18, సాన్‌సేరు 36, సూపరిన్‌పే 108.

ఇవి వచ్చింది దక్షిణ చైనాలోని ఫుజౌ రేవు నుంచి. కరాటే పుట్టిన ఒకినావా అప్పట్లో ర్యూక్యూ రాజ్యం, చైనాకు కప్పం కట్టేది. ఆ కప్పం ఓడలు ఫుజౌలోనే ఆగేవి. ఒకినావాలోని నాహా వాసి హిగావొన్నా కాన్‌ర్యో (1853–1915) 19వ శతాబ్దంలో అక్కడికెళ్లి నేర్చుకొచ్చాడు. ఆయన శిష్యుడు మియాగి చోజున్ స్థాపించిందే గోజు-ర్యూ. 1897లో ఒకినావాకే చెందిన ఉయేచి కాన్‌బున్ కూడా ఫుజౌ చేరి, పదేళ్లకు పైగా ఉన్నాడు.

చైనాకు యుద్ధవిద్య తెచ్చాడని చెప్పే భారతీయ భిక్షువు బోధిధర్ముడి మాట ఎక్కడ అంటారా? సూర్య సినిమా ‘సెవెన్త్ సెన్స్’ (2011) చూసినవాళ్లకు ఆ ప్రశ్న సహజమే. కానీ వ్యాయామానికి ఆయన పేరు తగిలించిన యిజిన్‌జింగ్ గ్రంథం 1624 నాటిది, అంటే ఆయన కాలానికి వెయ్యేళ్ల తర్వాతది. నేనైతే ఫుజౌ ఓడలనే నమ్ముతాను.

హిగావొన్నా, ఉయేచి ఇద్దరి దారుల్లోనూ సాన్‌చిన్ కటా ఉంది. పాదం అర్ధచంద్రాకారంలో జరిగి, వేళ్లు లోపలికి తిరిగి ఆగుతుంది. మోచేతులు పక్కటెముకల దగ్గరే ఉంటాయి. చెయ్యి వెనక్కి లాగుతూ శ్వాస పీల్చి, ముందుకు చాస్తూ పొట్ట బిగించి వదలాలి. ఇలా ఒళ్లంతా బిగపట్టినప్పుడు రక్తపోటు పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే మొదలుపెట్టాలి.

తేడా చేతుల్లో ఉంది. ఉయేచి దారిలో అరచెయ్యి విప్పి వేలికొసలతో పొడుస్తారు, గోజు-ర్యూలో పిడికిలి. అదే బలం వేలికొసంత చోట పడితే ఒత్తిడి ఎన్నో రెట్లవుతుంది. కంటికి, గొంతుకు అది ప్రమాదమే. గట్టి చోట తగిలితే విరిగేది మాత్రం పొడిచినవాడి వేళ్లే. పిడికిట్లో చూపుడు, మధ్య వేళ్ల మెటికల నుంచి భారం అరచేతి ఎముకల మీదుగా నేరుగా మణికట్టుకు దిగుతుంది. కొత్తగా నేర్చేవాడికి అదే క్షేమం. 1901 ప్రాంతంలో కరాటే గురువు ఇతోసు అంకో కరాటేని ఒకినావా బడుల్లోకి తెచ్చాక పిడికిలికి ప్రాధాన్యం పెరిగిందనే అభిప్రాయం అందుకే నాకు సబబుగా తోస్తుంది.

మియాగి విప్పిన చేతిని వదిలేయలేదు. ఆయన కూర్చిన తెన్‌షో కటాలో మణికట్టు సుడి తిరుగుతూ అడ్డుకుంటుంది, లాగుతుంది, అరచేత్తో నెడుతుంది. దీనికి మూలం బుబిషి అనే చైనా చేతిరాత పుస్తకంలోని ఆరు హస్త భంగిమలని చెబుతారు. అందులో ఫుజౌ ఉన్న ఫుజియాన్ ప్రాంతపు తెల్లకొంగ శైలి పాఠాలున్నాయి. తెన్‌షోని సాధారణంగా బ్లాక్ బెల్ట్ దగ్గరపడ్డాకే నేర్పుతారు.