పదహారు గళ్ళలో దరువు



పెళ్ళిళ్ళలో, పండగల్లో డీజే బాక్సుల మీద "దం దం దం దం" అని ఆగకుండా మోగే పాటలు మనందరం వింటాం. పాడేవాళ్ళు లేకపోయినా కాలు దానంతటదే ఆడుతుంది. వీటిని ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్ అంటారు. "అది పెద్ద పెద్ద మిషన్లతో సిటీవాళ్ళు చేసేది, మనకెందుకు?" అని మన డార్మిటరీలో చాలామంది అంటున్నారు. కానీ ఒకటి నుంచి పదహారు దాకా లెక్కపెట్టగలిగిన ప్రతివాళ్ళూ దీన్ని మొదలుపెట్టవచ్చు. కొన్నాళ్ళుగా ఆదివారం పూట మన కంప్యూటర్ గదిలో నేను నేర్చుకుంటున్నాను. ఆ పద్ధతి అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

1. ఇది ఎక్కడ పుట్టింది?

అమెరికాలో చికాగో నగరంలో 1977లో వేర్‌హౌస్ అనే డాన్స్ క్లబ్బు తెరిచారు. అక్కడికి ఎక్కువగా నల్లజాతి యువకులు వచ్చేవారు. ఫ్రాంకీ నకల్స్ అనే ఆయన రాత్రంతా రికార్డులు వేసేవాడు. ఆ క్లబ్బు పేరులోంచే 'హౌస్' అన్న సంగీతం పేరు వచ్చిందంటారు. 1984లో జెస్సీ సాండర్స్ తెచ్చిన "ఆన్ అండ్ ఆన్" మొదటి హౌస్ రికార్డుల్లో ఒకటి.

అదే కాలంలో కార్ల ఫ్యాక్టరీలకు పేరుపడ్డ డెట్రాయిట్ నగరంలో 'టెక్నో' పుట్టింది. దాన్ని మొదలుపెట్టినవాళ్ళు వాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్. ఈ ముగ్గురూ ఎవరో కాదు, దగ్గర్లోని బెల్‌విల్ అనే చిన్న ఊళ్ళో ఒకే బడిలో చదువుకున్న స్నేహితులు. మన లాంటి క్లాస్‌మేట్సే!

వీళ్ళకి మిషన్లు ఎక్కడివి? జపాన్‌లో రోలాండ్ అనే కంపెనీ 1980లో టీఆర్-808 అనే డ్రమ్ము మిషను, ఆ తరవాత టీబీ-303 అనే బేస్ మిషను తయారుచేసింది. గిటార్ వాయించేవాళ్ళకి తోడుగా ఉంటుందని 303ని చేశారు. అది అసలు బేస్ గిటార్ లాగా మోగలేదు, ఎవరూ పెద్దగా కొనలేదు. 808ని 1983లోనూ, 303ని 1984లోనూ ఆపేశారు. అప్పుడు అవి సెకండ్ హ్యాండు షాపుల్లో చవగ్గా దొరికాయి. డబ్బులేని కుర్రాళ్ళు కొన్నారు. చికాగోలో ఫ్యూచర్ అనే బృందం 303 బటన్లు తిప్పుతూ, దాన్ని వింతగా అరిపిస్తూ, 1987లో "యాసిడ్ ట్రాక్స్" అనే రికార్డు తెచ్చింది. పనికిరాదన్న మిషనుతో కొత్త సంగీతమే పుట్టింది.

మన దేశంలో కూడా ఒక ముచ్చట ఉంది. బొంబాయిలో సినిమా పాటలకు వాయించే చరణ్‌జిత్ సింగ్ అనే ఆయన ఇవే 808, 303 మిషన్లతో పది రాగాలను డిస్కో దరువు మీద వాయించి 1982లోనే రికార్డు తెచ్చాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో దాన్ని మళ్ళీ అచ్చువేశాకే ప్రపంచమంతా విన్నది.

2. గళ్ళ లెక్క

ఇప్పుడు ఆ మిషన్లు కొనక్కర్లేదు. ఎల్ఎంఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. అందులో ఒక్కొక్క వాయిద్యానికి పదహారు గళ్ళు వరసగా ఉంటాయి. ఏ గడి నొక్కితే అక్కడ దెబ్బ పడుతుంది. అంతే.

పాట వేగాన్ని నిమిషానికి ఎన్ని దెబ్బలు అని కొలుస్తారు. 120 పెట్టామనుకోండి. 60 సెకన్లని 120తో భాగిస్తే ఒక్కో దెబ్బకి అర సెకను. నాలుగు దెబ్బలు కలిస్తే ఒక చుట్టు, దాన్నే బార్ అంటారు. అంటే చుట్టుకి 2 సెకన్లు. చుట్టుకి 16 గళ్ళు కాబట్టి ఒక గడికి 0.125 సెకను. లెక్కల సారు చెప్పిన భాగాహారం ఇక్కడ పనికొచ్చింది చూడండి!

హౌస్ పాటకి మొట్టమొదటి దరువు ఇదీ:

కిక్: దం - - - దం - - - దం - - - దం - - -
చప్పట్లు: - - - - చప్ - - - - - - - చప్ - - -
హ్యాట్: - - త్స్ - - - త్స్ - - - త్స్ - - - త్స్ -

కిక్ 1, 5, 9, 13 గళ్ళలో. చప్పట్లు 5, 13 గళ్ళలో. హ్యాట్ అంటే కంచు తాళం లాంటి సన్న చప్పుడు, అది 3, 7, 11, 15 గళ్ళలో. కిక్ నేల మీదికి తొక్కుతుంది, హ్యాట్ పైకి లేపుతుంది. ఈ తొక్కడం, లేపడం మధ్యలోనే డాన్స్ ఉంది.

కంప్యూటర్ ముందు మన వంతు వచ్చేది వారానికి గంటే గదా. మిగతా రోజులు ముగ్గురు కూర్చోండి. ఒకరు తొడ మీద కిక్ కొట్టండి, ఒకరు చప్పట్లు, ఒకరు నోటితో "త్స్". లెక్కల గళ్ళ నోటుబుక్కులో గళ్ళు మార్చి రాసుకుని మళ్ళీ కొట్టండి. స్టడీ అవర్లో మాత్రం వద్దు!

3. చప్పుడు ఎలా తయారవుతుంది?

చప్పుడు అంటే గాలిలో అదురు. సెకనుకి 20 సార్ల నుంచి 20,000 సార్ల వరకు ఉన్న అదుర్లు మన చెవికి వినిపిస్తాయి. కిక్ చేయాలంటే సెకనుకి 150 సార్లు అదిరే చప్పుడుని మొదలుపెట్టి, రెప్పపాటులో 50 సార్లకి దించేసి, ఆపెయ్యాలి. ఆ దిగడమే "దం" అని వినిపిస్తుంది. ఎల్ఎంఎంఎస్‌లో కిక్కర్ అనే పరికరం ఇదే పని చేస్తుంది. హ్యాట్‌కి స్టేషను దొరకని రేడియో "సుయ్" మన్నట్టుండే చప్పుడు తీసుకుని, లోతు తీసేసి, చిన్న ముక్కగా కోస్తే చాలు. ఇలా కొంత అదురుని పోనిచ్చి కొంత ఆపేసేదాన్ని ఫిల్టర్ అంటారు. చాయ్ వడగట్టినట్టే.

ఇంకో సంగతి. కిక్, బేస్ రెండూ లోతు చప్పుళ్ళే. రెండూ ఒకేసారి మోగితే బురదలా కలిసిపోతాయి. అందుకని బేస్‌ని కిక్ లేని గళ్ళలో పెట్టాలి, లేదా కిక్ పడినప్పుడల్లా బేస్ సౌండు తగ్గేలా చెయ్యాలి. ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు ఊరుకోవాలన్న మాట.

సెల్‌ఫోను స్పీకర్లో కిక్ లోతు సరిగా రాదు. అది విని కిక్ పెంచుకుంటూ పోతే పెద్ద బాక్సులో గోడలు అదురుతాయి. హెడ్‌ఫోన్‌లో వినండి, కానీ సౌండు సగం దాటనివ్వొద్దు. చెవి పోతే మళ్ళీ రాదు.

4. చుట్టు నుంచి పాట దాకా

రెండు సెకన్ల చుట్టు బాగా కుదిరినా అది పాట కాదు. చాలామంది కొత్తవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. ఆ ఒక్క చుట్టునే వందసార్లు వింటూ కొత్త కొత్త చప్పుళ్ళు వెతుకుతూ కూర్చుంటారు. దీనికి మందు ఏంటంటే, మీకు నచ్చిన డాన్స్ పాట పెట్టుకుని, చుట్లు లెక్కపెడుతూ, ఏది ఎప్పుడు వచ్చింది, ఏది ఎప్పుడు పోయింది అని నోటుబుక్కులో రాయండి. ఎక్కువ పాటల్లో ప్రతి 8 చుట్లకి ఏదో ఒకటి మారుతుందని మీకే తెలుస్తుంది.

ఆ కొలత పట్టుకుని చిన్న పాట కట్టవచ్చు. మొదటి 8 చుట్లు కిక్ ఒక్కటే. తరవాత 8 చుట్లకి హ్యాట్, చప్పట్లు. తరవాత 8కి బేస్. ఆ తరవాత 8 చుట్లు కిక్ తీసెయ్యాలి. అందరూ ఎదురుచూస్తారు. మళ్ళీ 8 చుట్లకి అన్నీ కలిసి రావాలి. చివరి 8లో ఒక్కొక్కటీ వెళ్ళిపోవాలి. మొత్తం 48 చుట్లు, 96 సెకన్లు. బాగున్నా బాగోకపోయినా పూర్తిచేసి, సేవ్ చేసి, నలుగురికీ వినిపించి, రెండోది మొదలుపెట్టండి. సగం సగం పాటలు పది ఉన్నా ఒక్క పూర్తి పాట నేర్పినంత నేర్పవు.

5. మన తుడుము ఎక్కడ?

ఇక అసలు సంగతికి వస్తాను. ఎల్ఎంఎంఎస్‌లో ఉన్న డ్రమ్ములన్నీ బయటి దేశాల చప్పుళ్ళే. మన థింసాకి కావలసిన డప్పు, తుడుము, కిరిడి, మోరి, జోడుకొమ్ములు అందులో లేవు. మా ఊళ్ళో ఇటుకల పండగకి డీజే బాక్సులు దిగితే తుడుము వాయించే పెద్దాయన అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. మిషను ఆయన చోటు తీసుకుంది.

కానీ అదే మిషనులో ఆయన దెబ్బని కూడా పెట్టవచ్చు. 1980లో రోజర్ లిన్ అనే అమెరికా ఆయన ఎల్ఎం-1 అనే డ్రమ్ము మిషను చేశాడు. అందులో నిజం డ్రమ్ముల దెబ్బలనే రికార్డు చేసి పెట్టాడు. ఇలా తీసిన ముక్కని శాంపిల్ అంటారు. మనమూ తుడుము మీద ఒక్కొక్క దెబ్బని ఫోన్లో రికార్డు చేసి, ఆడాసిటీ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్లో ముందూ వెనకా కోసేసి, ఎల్ఎంఎంఎస్ గళ్ళలో పెట్టుకోవచ్చు.

ఒక జాగ్రత్త. మన దరువులన్నీ పదహారు గళ్ళలో ఇమడవు. ముందు ఆడేవాళ్ళ కాళ్ళు చూసి లెక్కపెట్టండి. పన్నెండు కావాలంటే పన్నెండు, ఇరవై నాలుగు కావాలంటే ఇరవై నాలుగు గళ్ళు చేసుకునే వీలుంది. గడి కోసం దరువుని కొయ్యకండి, దరువు కోసం గళ్ళు మార్చండి.

ఇంకా పెద్ద జాగ్రత్త ఉంది. 1969లో ది విన్‌స్టన్స్ అనే అమెరికా బృందం ఒక పాట రికార్డు చేసింది. దాని పేరు "ఆమెన్, బ్రదర్". అందులో గ్రెగరీ కోల్మన్ అనే డ్రమ్మరు సుమారు 7 సెకన్లు ఒంటరిగా వాయించాడు. ఆ ముక్కని కోసి తరవాతివాళ్ళు వేల పాటల్లో వాడుకున్నారు. ఆయనకి వాటిమీద పైసా రాలేదు. 2006లో చనిపోయాడు, అప్పటికి ఆయనకి ఉండటానికి ఇల్లు కూడా లేదు. 2015లో అభిమానులు చందాలు వేసి సుమారు 24,000 పౌండ్లు ఆ బృందం నాయకుడికి ఇచ్చారు. కానీ వాయించిన చెయ్యి అప్పటికే లేదు.

అందుకని మన దగ్గర ఇలా చేద్దాం. పెద్దాయన్ని అడక్కుండా రికార్డు చెయ్యొద్దు. "తాతా, నీ తుడుముతో పాట చేస్తాం, ఒప్పుకుంటావా?" అని అడగాలి. పూజ దరువు వద్దంటే వదిలెయ్యాలి. పాట అయ్యాక ముందు ఆయనకే వినిపించాలి. పాట పేరు పక్కన ఆయన పేరు, ఊరి పేరు రాయాలి. డబ్బు వస్తే వాటా ఇవ్వాలి.

వార్డెన్ సారుకి, మేడం గారికి మనవి: ఆదివారం కంప్యూటర్ గదిలో ఇంకొక గంట ఇప్పించగలరు. సెలవులకి ఊరెళ్ళేటప్పుడు తుడుము, డప్పు రికార్డు చెయ్యడానికి హాస్టల్ ఫోను ఒక్కటి ఇప్పించగలరు. ఊరికి ఒక ముక్క తెచ్చినా, మనం ఉన్న ఊళ్ళన్నీ కలిపితే ఒక పెద్ద దరువుల పెట్టె అవుతుంది. నేర్చుకోవాలనుకునేవాళ్ళు గళ్ళ నోటుబుక్కు, పెన్సిలు తీసుకుని ఆదివారం టిఫిన్ అయ్యాక రండి. ఆడపిల్లలు కూడా రండి, థింసా అడుగుల లెక్క మాకన్నా మీకే బాగా తెలుసు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి